రైలు జర్మనీది.. మన్ను జమ్మలమడుగుది!

యూట్యూబ్‌లో 'మోడల్ రైల్వే సీనరీ' అని కొట్టి చూడండి. వీడియోలకు కొదవ లేదు. చిన్న ఇంజన్, చిన్న బోగీలు, మధ్యలో ఒక గుట్ట, దాని చుట్టూ పట్టాలు. ఎవరి వీడియో చూసినా నేల మాత్రం పచ్చగానే ఉంటుంది. గుట్ట మీద పచ్చ, పట్టాల పక్కన పచ్చ, ఇంటి ముందు పచ్చ. వాటిని చేసేవాళ్లలో ఎక్కువమంది జర్మనీ, ఇంగ్లండ్, అమెరికా వాళ్లు. వాళ్ల కళ్ల ముందున్న నేలనే వాళ్లు చేస్తున్నారు. నోచ్, ఫాలర్ లాంటి జర్మన్ కంపెనీలు అమ్మే గడ్డి, పొడి పాకెట్లలోనూ ఆ రంగులే ఎక్కువ.

ఇప్పుడు మే నెలలో ఎర్రగుంట్ల నుంచి జమ్మలమడుగు దాకా రైల్లో కిటికీ పక్కన కూర్చొని చూడండి. నాపరాళ్ల గనుల పక్కన ముక్కల గుట్టలు. పెన్నలో నీళ్లకన్నా ఇసుకే ఎక్కువ. బీటలు తీసిన నల్లరేగడి. గట్ల మీద ఎండిన బోద. అక్కడక్కడా కంపచెట్లు. వీటి మధ్యలో పచ్చగా కనబడేది ఏ వేపచెట్టో, బోరు కింద వేసిన తోటో.

జర్మనీ పొడి తెచ్చి చల్లితే మన రైలు జర్మనీలోనే తిరుగుతుంది. అది మన ఊళ్లో తిరగాలంటే మన మన్ను కావాలి. అది డబ్బులు పెట్టి కొనేది కూడా కాదు. దాన్ని ఎట్లా పరచాలో, పరిచేటప్పుడు ఏమేం చూసుకోవాలో, నా మూడు బల్లల లేఅవుట్ పని చేస్తూ తెలుసుకున్నదంతా ఇక్కడ చెబుతాను.

మూడు బల్లలు, మూడు ఊళ్లు

మాది ప్రొద్దుటూరు. నేను పుట్టినప్పుడు మా ఊరికి రైలు లేదు. రైలెక్కాలంటే ఎర్రగుంట్ల పోవాల్సిందే. ఎర్రగుంట్ల - నంద్యాల లైను 1996-97లో మంజూరైంది. ప్రయాణికుల రైలు మొదలైంది మాత్రం 2016 ఆగస్టులో. అంత పెద్ద వ్యాపార కేంద్రం, బంగారు అంగళ్లకు పేరున్న ఊరు, అన్నేళ్లూ పట్టాలు లేకుండానే గడిపింది. అందుకే లేఅవుట్ చేయాలనుకున్నప్పుడు వేరే లైను గురించి ఆలోచించలేదు.

ఒక్కో బల్ల నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు. మొదటిది ప్రొద్దుటూరు, పెన్న మీద వంతెనతో. రెండోది జమ్మలమడుగు, నల్లరేగడి చేలతో. మూడోది పులివెందుల. అక్కడ రైల్వే స్టేషన్ లేదు, ముద్దనూరుకో ఎర్రగుంట్లకో కడపకో పోవాలి. మరి రైలు లేని ఊరికి బల్ల ఎందుకంటారా? మా అక్కను ఇచ్చింది ఆ ఊరికే. మేనకోడలు ఊరుకోదు!

ఇంజన్, బోగీలు హెచ్‌ఓ స్కేలువి. అంటే అసలుకు 87వ వంతు. అయిదున్నర అడుగుల మనిషి ఇక్కడ రెండు సెంటీమీటర్లు కూడా ఉండడు. మన బ్రాడ్‌గేజ్ 1,676 మిల్లీమీటర్లు కాబట్టి, లెక్కప్రకారం పట్టాల మధ్య 19 మి.మీ. పైనే ఉండాలి. మార్కెట్లో దొరికే హెచ్‌ఓ పట్టాలు 16.5 మి.మీ. మాత్రమే. ఆ మూడు మి.మీ. తేడా ఎవరి కంటికీ ఆనదు. నేల రంగులో తేడా వస్తే మాత్రం పక్కింటి పిల్లోడు కూడా పట్టేస్తాడు.

ఇంకో లెక్క. 123 కిలోమీటర్ల ఆ లైనును మొత్తం హెచ్‌ఓలో చేయాలంటే 1.4 కిలోమీటర్ల పొడవైన గది కావాలి. గండికోట లోయ లోతు దాదాపు 300 అడుగులంటారు. 87తో భాగించినా మూడున్నర అడుగుల గోడ అవుతుంది. కాబట్టి అన్నీ పెట్టలేం, ఏరుకోవాలి. గండికోటను నేను వెనక అట్ట మీద బొమ్మగా గీసేశాను. ముందు భాగమంతా నేలకే వదిలాను.

ముందు నెల ఖాయం చేయండి

మన్ను తవ్వడానికి పోకముందే ఒకటి నిర్ణయించుకోవాలి. మీ లేఅవుట్‌లో ఇది ఏ నెల?

మన దగ్గర నేల నెలనెలా మారిపోతుంది. అక్టోబరు, నవంబరుల్లో రేగడిలో శనగ పడుతుంది. డిసెంబరుకు అదే చేను పచ్చ దుప్పటి. ఫిబ్రవరికి పంట పండి పసుపు తిరుగుతుంది. ఏప్రిల్, మే వచ్చేసరికి కాలు పట్టేంత బీటలు. ఒక బల్ల మీద డిసెంబరు శనగ, పక్క బల్ల మీద మే నెల బీటలు పెడితే చూసేవాళ్లకు ఎక్కడో తేడా కొడుతుంది. అదేమిటో చెప్పలేరు, కానీ నమ్మరు.

నేను మార్చి నెల తీసుకున్నాను. శనగ పీకేసిన చేలు, ఎండుతున్న గడ్డి, కొత్త చిగుళ్ల వేపచెట్లు. పచ్చ కొంచెమే ఉంటుంది కాబట్టి పని తక్కువ, అందం ఎక్కువ.

మన్ను తయారీ

మన్ను తెచ్చి నేరుగా పోయకండి. అందులో గింజలుంటాయి, పురుగుల గుడ్లుంటాయి. జిగురునీళ్లు తగిలితే మొలకలొస్తాయి. వరస ఇదీ:

ఒకటి, ఎండబెట్టి గడ్డలు నలిపి, పాత పెనం మీద పావుగంట వేయించాలి. పాతదే సుమా! అమ్మ దోసెల పెనం ముట్టుకుంటే లేఅవుట్ మీ ఇంట్లో ఉండదు.

రెండు, జల్లెడ పట్టాలి. పిండి జల్లెడ, టీ వడపోత, పలచని పాత ఓణీ గుడ్డ.. ఈ మూడూ చాలు. మూడు రకాల నలుసు వస్తుంది, మూడూ పనికొస్తాయి.

మూడు, అయస్కాంతం. దీన్ని చాలామంది వదిలేస్తారు. మన్నులో, ముఖ్యంగా ఏటి ఇసుకలో, నల్లటి ఇనుప రవ్వలుంటాయి. ఇంజన్ మోటారులో అయస్కాంతం ఉంటుంది. రవ్వలు పట్టాల పక్కన ఉంటే మోటారు వాటిని లాగేసుకొని పాడైపోతుంది. అయస్కాంతాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి, పొడిలో రెండు మూడు సార్లు తిప్పండి. అతుక్కున్న రవ్వలు కవరు తీసేస్తే రాలిపోతాయి.

ఇప్పుడు రంగు. రేగడిని ఉన్నదున్నట్టు పరిస్తే గదిలో లైటు కింద తారు పోసినట్టు కనబడుతుంది. బయట ఎండ వెలుగు వేరు, గది వెలుగు వేరు. దానికి తోడు జిగురు తగిలితే ఏ మన్నయినా ఇంకాస్త ముదురుతుంది. అందుకని మూడు వంతుల మన్నుకు ఒక వంతు సుద్దపొడి కలుపుతాను. ముందు అట్టముక్క మీద పరిచి, ఆరాక ఫోన్లో ఫొటో తీసి, చేను ఫొటో పక్కన పెట్టి చూస్తే సరిపోయిందో లేదో తెలిసిపోతుంది.

బీటలు వాటంతటవే వస్తాయి

రేగడిలో నాకు బాగా నచ్చిన సంగతి ఇది. ఆ మన్నులోని బంక తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. చేలో బీటలు రావడానికి కారణం అదే. పొర ఎంత మందంగా ఉంటే బీటల మధ్య దూరం అంత ఎక్కువ. పలచగా ఉంటే దగ్గరదగ్గరగా, సన్నగా వస్తాయి.

అంటే మెత్తగా జల్లించిన రేగడిని దోసెల పిండిలా కలిపి, ఒకటి రెండు మి.మీ. మందాన పూసి, నీడన ఆరనిస్తే చిన్న బీటలు వాటంతటవే పడతాయి. చేలో రెండంగుళాల బీట మన స్కేలులో అర మి.మీ. కొద్దిగా ఎక్కువ. సూదితో గీసి అంత సహజంగా తేవడం కష్టం. ఈ పిండిలో ఫెవికాల్ ఎక్కువ వేయకూడదు, జిగురు పట్టేస్తే బీటలు రావు. ఆరాక పైనుంచి పలచని జిగురునీళ్లు స్ప్రే చేస్తే గట్టిపడుతుంది.

ఇసుక, కంకర, నాపరాయి

పెన్న ఇసుక తెచ్చి పెన్నలోనే పోస్తున్నాం కదా, సరిపోతుంది అనిపిస్తుంది. లెక్క వేయండి. అర మి.మీ. ఇసుక రేణువు 87 రెట్లు పెంచితే నాలుగు సెంటీమీటర్లు దాటుతుంది. అది గులకరాయి! కాబట్టి ఓణీ గుడ్డలోంచి జారిన మెత్తటి దుమ్మే మన పెన్న ఇసుక. జల్లెడలో మిగిలిన లావు ఇసుకను వంతెన స్తంభాల చుట్టూ రాళ్లుగా వాడుకోవచ్చు. సన్నటి నీటిపాయ కోసం అడుగున బురద రంగు పూసి, మెరిసే వార్నిష్ నాలుగైదు పూతలు, ఒకటి ఆరాక ఇంకొకటి వేయాలి. మార్చి నెల పెన్నకు అంతకన్నా నీళ్లు అక్కర్లేదు.

పట్టాల కింది కంకరకూ ఇదే లెక్క. మన రైల్వే వాడే కంకర దాదాపు 20 నుంచి 65 మి.మీ. హెచ్‌ఓలో అది పావు మి.మీ. నుంచి ముప్పావు మి.మీ. బొంబాయి రవ్వ కళ్ల ముందుకు తెచ్చుకోండి, దాదాపు ఆ సైజు. (రవ్వనే వాడేద్దామనుకోకండి, చీమలకు పండగ!) నేను కడప బండలు కోసే చోట పడే రాతిపొడిని జల్లించి వాడాను. దానిలోని బూడిద రంగు ఫొటోలో చక్కగా వస్తుంది.

అతికించే పద్ధతి: ముందు పట్టాల పక్కలకు తుప్పు రంగు వేసుకోండి. కంకర పొడిగానే పోసి, మెత్తటి బ్రష్‌తో స్లీపర్ల మధ్యకు సర్దండి. పట్టాలు మారే చోట కదిలే భాగాల్లో ఒక్క రేణువు కూడా ఉండకూడదు. తర్వాత నీళ్లలో రెండు చుక్కలు గిన్నెల సబ్బు ద్రావణం కలిపి సన్నగా స్ప్రే చేయాలి. సబ్బు లేకపోతే నీటిచుక్క ముత్యంలా పైనే నిలబడి కంకరను చెదరగొడుతుంది. తడిసిన కంకర మీద ఒక వంతు ఫెవికాల్‌కు రెండు వంతుల నీళ్లు కలిపి, సూది తీసేసిన సిరంజీతో చుక్కచుక్కగా వదలాలి. రాత్రంతా ముట్టుకోవద్దు. పొద్దున పట్టాల పైభాగం శుభ్రంగా తుడిస్తేనే ఇంజన్‌కు కరెంటు అందుతుంది.

గుట్టలకు థర్మాకోల్ వాడుతుంటే ఒక జాగ్రత్త. స్ప్రే పెయింట్లు, ఘాటు వాసన వచ్చే జిగుర్లు దాన్ని కరిగించేస్తాయి. ఫెవికాల్, గోడలకు వేసే ఎమల్షన్ రంగు అయితే భయం లేదు. నాపరాయి గని కోసం మాత్రం థర్మాకోల్ కూడా అక్కర్లేదు. నిజం నాపరాయి చిల్లలే పేర్చాను. పొరలు పొరలుగా విడిపోవడం దాని గుణం కాబట్టి చిన్న ముక్కలో కూడా పెద్ద గని కనబడుతుంది.

గడ్డి, చెట్లు

విదేశాల్లో గడ్డి నిలబెట్టడానికి స్టాటిక్ గ్రాస్ మెషిన్ వాడతారు. ఎక్కువ వోల్టేజీతో నార ముక్కలకు చార్జి ఎక్కించి జిగురు మీద చల్లితే, అవి వెంట్రుకల్లా నిక్కి నిలబడతాయి. మన బోదకు గోనె సంచి చాలు. నార పీకి, మూడు నాలుగు మి.మీ. ముక్కలుగా కత్తిరించి, జిగురు చుక్క మీద కుచ్చులుగా గుచ్చండి. రంగు కూడా వేయనక్కర్లేదు, మార్చి గడ్డి రంగే అది. పరక పక్కన పరక పెట్టకండి. మన గడ్డి గట్టు వెంబడి, కాలువ పక్కన, రాయి నీడన గుంపులుగా ఉంటుంది. మధ్యలో వట్టి మన్ను కనబడాలి.

చెట్లకు పాత కరెంటు వైరులోని రాగి తీగలు మెలిపెట్టి కొమ్మలు చేయొచ్చు. 30 అడుగుల వేపచెట్టు మన స్కేలులో నాలుగంగుళాలు. ఆకులకు సామిల్లు పొట్టును సన్నగా జల్లించి, రంగునీళ్లలో నానబెట్టి ఆరబెట్టుకోవాలి. ఒకే పచ్చ కాకుండా మూడు పచ్చలు కలపండి. కంపచెట్లకు ఎండిన తులసి కంకులు భలే సరిపోతాయి.

మామ చేను

ఆ తులసి కంకుల కోసమే జమ్మలమడుగులో మేనమామ ఇంటికి పోయాను. మామవాళ్లది కొండాపురం మండలంలో, 2020లో గండికోట జలాశయం నీళ్లు నిలిచాక మునిగిన ఊరు. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు అత్త తులసి చెట్టును మన్నుతో సహా కుండలో పెట్టుకొని వచ్చింది. ఇప్పటికీ అదే కుండ, అదే మన్ను.

నా ఫోన్లో బల్లల ఫొటోలు చూపిస్తుంటే మామ నవ్వాడు. "ఏందబ్బీ, చదువుకున్నోడివి, మన్ను వేయిస్తాండావా?" అన్నాడు. రెండో బల్ల ఫొటో దగ్గర మాత్రం ఆగాడు. అది ఇంకా వట్టి థర్మాకోలే, పైన ఏమీ పరచలేదు.

"ఇది చేనంటావా? చేను ఇంత నున్నగా యాడన్నా ఉంటాదా?" అన్నాడు.

"మీ చేను ఎట్లుండె మామా?" అన్నాను.

అంతే. కరెంటు బిల్లు వెనక గీయడం మొదలుపెట్టాడు. ఇటు వంక, అటు గట్టు. వంక దిక్కుకు వాలు, కాబట్టి ఆ మూలన తేమ ఎక్కువ, అక్కడ శనగ నాలుగు రోజులు ఆలస్యంగా పండేది. ఈ గట్టు మీద యాపచెట్టు, దాని కింద చేలో ఏమీ సరిగా పండేది కాదు, అయినా నాయన కొట్టనియ్యలేదు. అన్నం తినేది దాని కిందనే. గాలి అటు నుంచి కొడితే రైలు కూత వినబడేది. చదువు గురించి, ఉద్యోగం గురించి తప్ప నాతో పెద్దగా మాట్లాడని మామ ఆరోజు గంటసేపు మాట్లాడాడు.

అత్త లోపలికి పోయి తులసి కుండలోంచి రెండు గుప్పెళ్ల మన్ను తీసి, కవర్లో పోసి తెచ్చింది. "ఇది పెట్టు" అనింది.

తీసుకోవాలా వద్దా అని ఆలోచించాను. ఆ మన్ను మళ్లీ తెచ్చుకోవాలంటే చోటు లేదు. ఒకసారి జిగురు పడితే ఇంక కుండలోకి తిరిగి రాదు. అదే మాట అత్తతో అంటే, "కుండలో ఉంటే నాకొక్కదానికే కనబడతాది. ఆడ పెడితే అందరూ చూస్తారు" అనింది.

రెండు గుప్పెళ్లు చేను మొత్తానికి రాదు. అడుగున జమ్మలమడుగు మన్ను పరిచి, పై పొర మాత్రం అత్త ఇచ్చినదానితో పూశాను. సుద్దపొడి కలపలేదు. వాలు మామ గీసినట్టే పెట్టాను. వంక మూలన శనగ కొంచెం పచ్చగా మిగిల్చాను. ఆరాక మామ వచ్చి చూశాడు. బాగుందనలేదు. వేలు పెట్టి, "యాపచెట్టు ఇంకో ఇంచు ఇటు" అన్నాడు. జరిపాను.

పులివెందులలో చీనీ తోట

మూడో బల్ల మేనకోడలిది. పట్టాలు లేవు కాబట్టి చెడిపోతుందనే భయం లేదు, పని నేర్చుకోవడానికి అంతకన్నా మంచి చోటు లేదు. ఎర్రమన్ను తనే వాళ్ల తోట నుంచి తెచ్చింది. చీనీ చెట్లకు సుమారు 20 అడుగుల ఎడం ఉంటుందని వాళ్ల నాయనను అడిగి తెలుసుకుంది. మన స్కేలులో ఏడు సెంటీమీటర్లు. స్కేలు పెట్టి చుక్కలు పెట్టుకొని, చుక్కకొక చెట్టు నాటింది. డ్రిప్ పైపులకు నల్లదారం. చెట్టు కింద నేల తడిసినట్టు కనబడాలని అక్కడ మాత్రం జిగురునీళ్లు ఎక్కువ వదిలింది. అది నేను చెప్పింది కాదు.

అన్నీ అయ్యాక, "మామా, ఈడ స్టేషన్‌కు చోటు వదిలిపెట్టినా" అనింది. రోడ్డు పక్కన నాలుగంగుళాల ఎర్రమన్ను ఖాళీగా ఉంది. అది అట్లాగే ఉంచాం.

మీరు మొదలుపెట్టాలంటే

ఈ హాబీని పెద్ద ఎత్తున చూడాలంటే పుణెలో జోషీ మినియేచర్ రైల్వే మ్యూజియం ఉంది, 1998 నుంచి నడుస్తోంది. జర్మనీలోని హాంబర్గ్‌లో 2001లో మొదలైన మినియేచర్ వండర్‌లాండ్‌ది ప్రపంచంలోనే అతి పెద్ద మోడల్ రైల్వేగా గిన్నిస్ రికార్డు. వీడియోల్లో వాళ్ల పనితనం చూడండి, పద్ధతులు నేర్చుకోండి. రంగులు మాత్రం అక్కడి నుంచి తెచ్చుకోకండి.

రైలు సెట్ కొనడానికి డబ్బులు ఇప్పుడే లేకపోయినా ఫర్వాలేదు. ఒక అట్టముక్క, కాస్త ఫెవికాల్, టీ వడపోత ఉంటే ఈ ఆదివారమే ఒక జానెడు నేల చేయొచ్చు. మన్ను తెచ్చుకునే ముందు ఆ చేను గలవాళ్లను అడగండి. ఎట్లాగూ అడుగుతున్నారు కాబట్టి ఇంకో రెండు ప్రశ్నలు కూడా అడగండి. వాలు ఎటు? ఆ గట్టు మీద ముందు ఏముండె? రెండోదానికి జవాబు చెప్పేవాళ్లు ఇంట్లోనే ఉంటే, వాళ్లతోనే మొదలుపెట్టండి.